షట్టర్ దించే ముందు

తెనాలిలో నేను డీటీపీ పని చేసిన సెంటర్‌లో రాత్రి పదిన్నరకి మూడు పనులు వరసగా జరిగేవి. యజమాని గల్లాపెట్టె లెక్క చూసుకునేవాడు. నేను కంప్యూటర్ కట్టేసేవాణ్ణి. ఆ తర్వాత ఆయన మూల నుంచి కొక్కెం కర్ర తీసి షట్టర్ కిందికి లాగేవాడు. ఆయన నాకు చుట్టమేం కాదు. వీధిలో అందరికీ బాబాయ్ కాబట్టి నాకూ బాబాయే. మొదటి పనీ మూడో పనీ ఏనాడూ ఆలస్యం కాలేదు. చిక్కల్లా మధ్యలో దానితోనే.

మాఘమాసం, పెళ్లికార్డుల కాలం. పొద్దుటి నుంచి కూర్చుని కూర్చుని నడుం పట్టేసి ఉండేది. స్టార్ట్ నొక్కి, టర్న్ ఆఫ్ నొక్కి, చెప్పుల్లో కాళ్లు పెట్టేసేవాణ్ణి. తెర మీద విండోస్ ఎక్స్‌పీ వాడి నీలం రంగు పరుచుకుని, మధ్యలో "సేవింగ్ యువర్ సెట్టింగ్స్" అన్న ముక్క నిలబడేది. అలా నిలబడే ఉండేది.

"ఏరా, ఇంకా ఆగలేదా అది?"

"సెట్టింగులు దాచుకుంటోందంట బాబాయ్."

"ఏం సెట్టింగులురా? పొద్దున్నుంచీ కార్డులు కొట్టడం తప్ప మనం మార్చిందేముంది?"

కంప్యూటర్ అంటే బొత్తిగా తెలియని మనిషి వేసిన ఆ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. అది నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. ఈలోపు చేయని వైద్యం లేదు. డిస్కుని డీఫ్రాగ్మెంట్ చేశాను. రిజిస్ట్రీని శుభ్రం చేస్తానన్న ఒక ఉచిత ప్రోగ్రామ్ తెచ్చి, అది చెప్పినవన్నీ తుడిపించాను. సర్వీసు కుర్రాడొచ్చి ర్యామ్ చాలడం లేదన్నాడు. బాబాయ్ సణుగుతూనే ఇంకో 256 ఎంబీ కొన్నాడు. లాభం లేదు. చివరికి మొత్తం చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కించాం. రెండ్రోజులు చిటికెలో ఆగింది. మూడో రోజు ఫాంట్లు, స్కానర్, ప్రింటర్, వాటి సీడీలు అన్నీ ఎక్కించుకున్నాక మళ్లీ మొదటికొచ్చింది.

గోడ మీద కాగితం కొట్టువాళ్లు ఇచ్చిన గడియారం ఉండేది. ఒక రాత్రి ఏం తోచక దాని సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. నీలం తెర వచ్చినప్పుడు ముల్లు రెండు దగ్గర ఉంది. తెర పోయేసరికి చుట్టూ తిరిగి మళ్లీ రెండు దాటింది. మర్నాడు పనే లేదు, కరెంటు కోత. సాయంత్రం ఒక్క గంట మిషన్ నడిచింది. ఆ రాత్రీ సరిగ్గా ఒక చుట్టే. పని ఎంతయినా, అసలు లేకపోయినా, ముల్లు మాత్రం ఒక్క చుట్టు తిరుగుతోంది. నిజంగా ఏదో దాచుకుంటున్న మనిషికి దాచుకునేది ఎక్కువైతే ఎక్కువసేపు పట్టాలి కదా! ఇంత కచ్చితంగా ఒక్క నిమిషమే ఎందుకు పడుతుంది?

*

ఆ నిమిషం సంగతికి వచ్చే ముందు అసలు ఆపడానికి ఇంత తతంగం ఎందుకో చూద్దాం. ఫ్యాను ఆపాలంటే స్విచ్ నొక్కుతాం, రెక్కలు రెండు చుట్లు తిరిగి ఆగుతాయి. కంప్యూటర్‌కి ఆ భాగ్యం లేదు. అది మనకి చెప్పే మాటకీ లోపల చేసిన పనికీ మధ్య కాస్త అప్పు ఉంటుంది.

మెమరీలోంచి ఒక ముక్క తీయడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే హార్డ్‌డిస్క్ మీద అదే ముక్క వెతికి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్ల తేడా. మెమరీ పనిని ఒక సెకను అనుకుంటే, డిస్కు దగ్గరికి వెళ్లిరావడం ఒక రోజు దాటిన ప్రయాణం. మనం కంట్రోల్-ఎస్ కొట్టిన ప్రతిసారీ ఆ ప్రయాణం చేసి వచ్చేదాకా మనల్ని కూర్చోబెడితే ఒక్క పెళ్లికార్డు కూడా పూర్తి కాదు. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ మనం ఇచ్చిన ముక్కని మెమరీలోనే ఒక పక్కన పెట్టుకుని "అయిపోయింది" అనేస్తుంది. వీలు చూసుకుని తర్వాత డిస్కు మీద రాస్తుంది. విండోస్‌లో ఈ పని చేసే భాగం పేరే లేజీ రైటర్, బద్ధకపు రాతగాడు. సెకనుకోసారి లేచి, రాయాల్సిన వాటిలో ఎనిమిదో వంతు చొప్పున డిస్కుకి పంపించి మళ్లీ పడుకుంటాడు. లైనక్స్‌లో అయితే మామూలుగా 30 సెకన్లు దాటిన వాటిని వెతికి రాస్తారు. అలా మారి, ఇంకా డిస్కుకి చేరని పేజీల్ని ఇంగ్లీషువాళ్లు డర్టీ అంటారు. మనం మాసిన పేజీలు అనుకోవచ్చు. చాకిరేవుకి వెళ్లాల్సిన మూట ఒకటి ఎప్పుడూ మూలన ఉంటుందన్నమాట. ఆపేటప్పుడు ఆ మూట ఖాళీ చేయాలి. మెమరీలో ఉన్నదంతా కరెంటు ఉన్నంతసేపే.

మెమరీ మూట ఇలా ఉంటే, ఒక్కో ప్రోగ్రామ్‌దీ దాని మూట దానికుంటుంది. సగం రాసిన ఉత్తరం, ప్రింటర్‌కి సగం వెళ్లిన పేజీ, సగం రాసిన లెక్కల పుస్తకం. వీళ్లందరినీ లేపి, మూటలు కట్టించి, చివరికి దీపం ఆర్పాలి.

మొదట్లో ఈ దీపం ఆర్పే పని మనిషిదే. 1980ల కంప్యూటర్లకి పక్కనో వెనకో నిజమైన స్విచ్ ఉండేది, టక్కున తీగ తెంపేది. అప్పటి హార్డ్‌డిస్కుల్లో కొన్నింటికి స్విచ్ నొక్కే ముందు పార్క్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి, చదివే తలని పళ్లెం మీద భద్రమైన చోటికి చేర్చాల్సి వచ్చేది. తర్వాతి డిస్కులు ఆ తిప్పలు తప్పించాయి. కరెంటు పోగానే, ఇంకా తిరుగుతున్న పళ్లెం ఊపునే కరెంటుగా మార్చుకుని తలని పక్కకి లాగేసుకుంటాయి. పోతూ పోతూ ఇల్లు సర్దిపెట్టే తెలివి అది, నాకు భలే ఇష్టం. విండోస్ 95 పాత మిషన్ల మీద తన పని ముగించుకుని, నల్లని తెర మీద నారింజరంగు అక్షరాలతో ఇక మీరు నిశ్చింతగా ఆపుకోవచ్చు అని చెప్పేది. మనం వంగి స్విచ్ నొక్కేవాళ్లం.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ నమూనా ఈ చివరి పనిని మనిషి చేతిలోంచి తీసుకుంది. కేబినెట్ ముందు ఉన్న మీట అప్పటి నుంచి తీగని తెంపడం మానేసింది. ఇప్పుడది కాలింగ్ బెల్ మాత్రమే. లోపలివాళ్లకి వినబడుతుంది, తలుపు తీయడమా మానడమా వాళ్లిష్టం. కంప్యూటర్ ఆగి ఉన్నా ఆ బెల్ వినడానికి 5 వోల్టుల సన్నని ధార ఒకటి నిత్యం నడుస్తూనే ఉంటుంది. 1996 చివర్లో వచ్చిన ఏసీపీఐ అనే ఒప్పందం ఈ వ్యవహారానికంతా నియమాలు రాసింది. మీట నాలుగు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే లోపల ఎవరేమన్నా సరే కరెంటు పోతుందన్న నియమం కూడా అందులోదే. అంతవరకూ చెల్లేది కంప్యూటర్ మాటే. షట్‌డౌన్ ఆలస్యం అన్న ఫిర్యాదు పుట్టింది కూడా ఈ మార్పుతోనే. స్విచ్ మన చేతిలో ఉన్నన్నాళ్లూ విసుగొస్తే ఆపేసేవాళ్లం, ఆ తర్వాత అడిగి కూర్చోవలసిన వాళ్లమయ్యాం.

*

షట్‌డౌన్ నొక్కగానే విండోస్ తెరిచి ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌కీ కబురు పంపుతుంది: కట్టేస్తున్నాం, నీకేమైనా అభ్యంతరమా? బాగా పెంచిన ప్రోగ్రామ్ వెంటనే లేదంటుంది, లేదా సేవ్ చేయాలా అని మనల్ని అడుగుతుంది. కొన్ని అసలు పలకవు. ఏదో లూపులో చిక్కుకునో, రాని నెట్‌వర్క్ కోసం చూస్తూనో ఉంటాయి. అలాంటి వాటి కోసం ఎంతసేపు చూడాలి? అనంతంగా చూడలేదు. వెంటనే చంపేస్తే, నిజంగా పనిలో ఉన్న మంచి ప్రోగ్రామ్ కూడా చస్తుంది. అందుకని ఎవరో ఇంజనీరు కూర్చుని ఒక గడువు పెడతాడు. మనుషులు పెట్టే గడువులు కాబట్టి అవి 17 సెకన్లో 43 సెకన్లో ఉండవు.

ఎక్స్‌పీలో పలకని ప్రోగ్రామ్‌ని హ్యాంగ్ అయినట్టు లెక్కగట్టడానికి గడువు 5 సెకన్లు. షట్‌డౌన్‌లో ప్రోగ్రామ్‌కి ఇచ్చే గడువు 20 సెకన్లు. తెర వెనక పనిచేసే సర్వీసులన్నింటికీ కలిపి ఇంకో 20. ఈ సర్వీసుల గడువు విండోస్ 10 నాటికి 5 సెకన్లకి దిగింది. విస్టా నుంచి కొన్ని ప్రత్యేకమైన సర్వీసులకి అందరికంటే ముందే కబురు పెట్టే ఏర్పాటొకటి వచ్చింది, వాటికి గడువు ఏకంగా మూడు నిమిషాలు. 2017 నాటి విండోస్ 10లో దాన్ని 10 సెకన్లకి కోశారు. లైనక్స్‌లో చాలా రకాలు ఇప్పుడు సిస్టమ్‌డీ మీద నడుస్తాయి. అక్కడ ముందు టర్మ్ అనే మర్యాదైన సంకేతం వెళ్తుంది, నువ్వే సర్దుకుని వెళ్లు అని. మామూలు గడువు 90 సెకన్లు. అది దాటితే కిల్ వస్తుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టించుకోకుండా ఉండలేదు. ఉబుంటు వాడేవాళ్లు నల్లతెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరుగెడుతుంటే, పక్కనే "ఒక నిమిషం 30 సెకన్లలో 12 సెకన్లు" అన్నట్టు లెక్క నడవడం చూసే ఉంటారు. ఫెడోరావాళ్లు దీన్ని 15 సెకన్లకి తగ్గిద్దామని మొదలెట్టి, వాదోపవాదాల తర్వాత 45 దగ్గర రాజీపడ్డారు.

ఇన్ని అంకెలు ఎందుకు చెప్పానంటే ఆలస్యం చేసే కంప్యూటర్ దగ్గర మొట్టమొదట తీయాల్సిన పనిముట్టు గడియారం. ఆలస్యాలు రెండు రకాలు. ఒకదానిలో కంప్యూటర్ పని చేస్తోంది, రెండోదానిలో ఎవరికోసమో చూస్తోంది. పని అయితే సమయం రోజురోజుకీ మారుతుంది, ఇవాళ 37 సెకన్లు, నిన్న రెండు నిమిషాలు. ఎదురుచూపు అయితే సమయం గుండ్రంగా, రోజూ ఒకేలా వస్తుంది. 5, 20, 60, 90, 180. గుండ్రటి అంకె కనిపించిందంటే అక్కడ ఎవరో పిలిచినా పలకడం లేదు, గడువు మొత్తం కాలిపోతోంది. ర్యామ్ పెంచితే దాని విలువ తగ్గదు. డిస్కు మారిస్తే తగ్గదు. ఎంత వేగం మిషన్ అయినా 90 సెకన్లు అంటే 90 సెకన్లే.

బాబాయ్ కొన్న 256 ఎంబీ అలా పోయింది. పోయిందంటే, ఫొటోషాప్‌కి పనికొచ్చిందనుకోండి.

*

ముందు పని రకం ఆలస్యం. అప్‌డేట్లు ఎక్కుతుంటే తెరే చెబుతుంది కాబట్టి దాని గురించి వెతుకులాట ఉండదు. తెలియకుండా తినేసేది ఒకటుంది. మెమరీ చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని పేజ్‌ఫైల్ అనే డిస్కు గోదాంలో పడేస్తుంది. ఆపేటప్పుడు ఆ గోదాం మొత్తాన్ని సున్నాలతో తుడవమనే భద్రతా నిబంధన ఒకటి ఉంది, మామూలుగా అది ఆపేసి ఉంటుంది. ఎక్కడో చదివి దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకి లెక్క ఇలా పడుతుంది: గోదాం 4 జీబీ, డిస్కు సెకనుకి 80 ఎంబీ రాస్తుందనుకుంటే, రోజూ రాత్రి 51 సెకన్లు సున్నాలు రాయడానికే. రహస్యాలున్న ఆఫీసుల్లో దానికి అర్థముంది. పెళ్లికార్డుల సెంటర్లో లేదు.

ఇంకోటి మరీ తమాషా. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్లతరబడి విండోస్ మీద పనిచేసిన రేమండ్ చెన్ దీని గురించి 2012లో రాశాడు, కూల్చబోతున్న భవనాన్ని ఊడ్చే మనుషులతో పోల్చి. చక్కగా పెరిగిన ప్రోగ్రాములు వెళ్లే ముందు తాము తీసుకున్న మెమరీనంతా ముక్కముక్కగా వెనక్కిచ్చేస్తాయి. ఆ ముక్కల్లో సగం ఎప్పుడో గోదాంలోకి వెళ్లిపోయి ఉంటాయి. వెనక్కివ్వడానికి వాటిని డిస్కు మీంచి మళ్లీ మెమరీలోకి తేవాలి. ఆ తెచ్చిన దానికి చోటు కావాలి కాబట్టి ఇంకోదాన్ని గోదాంలోకి నెట్టాలి. డిస్కు లైటు ఆరకుండా కొట్టుకుంటుంది. ఇంత చేసి వెనక్కి ఇచ్చేది ఎవరికి? ప్రోగ్రామ్ పోగానే దాని మెమరీ మొత్తాన్ని ఎలాగూ ఒక్క వేటున లాగేసుకునే సిస్టమ్‌కి. అద్దె ఇల్లు కాదు కదా ఊడ్చి అప్పగించడానికి, రేపు పొద్దున్న కూలిపోయే ఇల్లు. చిన్న మెమరీ మిషన్లలో పొద్దుటి నుంచి తెరిచి ఉంచిన బ్రౌజర్ మూయడానికి పట్టే కాలంలో చాలా భాగం ఈ ఊడుపే. దీనికి మాత్రం ర్యామ్ పెంచడం, ఎస్ఎస్‌డీ పెట్టడం నిజమైన మందులు. షట్‌డౌన్ నొక్కే ముందు పెద్ద ప్రోగ్రాముల్ని మనమే ఒక్కొక్కటి మూస్తే, ఏది సాగదీస్తోందో కళ్లకి కనబడుతుంది.

ఎదురుచూపు రకానికి వస్తే, పలకనివాడు ఎవరో పట్టుకోవాలి. విండోస్‌లో దీనికి ఒక చిన్న అమరిక ఉంది, వెర్బోస్ స్టేటస్ అంటారు. పాలసీలోనో రిజిస్ట్రీలోనో దాన్ని ఆన్ చేస్తే, ఆగేటప్పుడు ఊరికే షట్టింగ్ డౌన్ అని ముక్తసరిగా కాకుండా, ఇప్పుడు ఏ సర్వీసుని ఆపుతున్నాం అని పేర్లతో సహా చెబుతూ పోతుంది. ఫోన్ కెమెరా తెర వైపు పెట్టి వీడియో తీసుకోండి. ఏ పేరు దగ్గర ఎక్కువసేపు నిలబడిందో మళ్లీ చూసుకోవచ్చు. విస్టా నుంచి ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్ అనే చిట్టా కూడా ఉంది. అందులో 100 మొదలుకుని వచ్చే అంకెలు మేలుకోవడానివి, 200 మొదలుకుని వచ్చేవి ఆగడానివి. 203 కనబడితే ఫలానా సర్వీసు ఆలస్యం చేసిందని పేరు రాసి ఉంటుంది, ఎన్ని మిల్లీసెకన్లో కూడా. లైనక్స్‌లో అయితే కిందటిసారి మిషన్ నడిచినప్పటి చిట్టా చివరి పేజీ తిరగేస్తే చాలు, గడువు దాటినవాడి పేరు అక్కడ రాసి ఉంటుంది.

చిట్టాలు మాట్లాడకపోతే సగానికి సగం పద్ధతి. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, మైక్రోసాఫ్ట్ సొంత సర్వీసుల్ని దాచమని టిక్ పెట్టి, మిగిలిన వాటిలో సగం ఆపండి. మళ్లీ మొదలుపెట్టి ఆపి చూడండి. ఆలస్యం పోయిందా, దొంగ ఆపిన సగంలో ఉన్నాడు. పోలేదా, మిగతా సగంలో. 32 ఉంటే ఐదుసార్లలో ఒక్కడు మిగులుతాడు. ఒక్కొక్కటే ఆపుతూ పోయేవాళ్లు మూడో రోజుకి విసిగి ఫార్మాట్ కొడతారు, నాలాగ. అన్నట్టు ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకి ఒకసారి చూడండి. కరెంటు ఆపుతున్నామని సిస్టమ్ ప్రతి పరికరం డ్రైవర్‌కీ చెప్పి జవాబు కోసం చూస్తుంది. పాత డాంగిల్, పాత స్కానర్ లాంటివాటి డ్రైవర్లు ఒక్కోసారి నోరు విప్పవు. ఆ మౌనం మరీ ముదిరితే తెర నీలమై 9ఎఫ్ అనే అంకెతో కుప్పకూలుతుంది.

వరస తప్పడం వల్ల వచ్చే చిక్కొకటి ఆఫీసుల్లో ఎక్కువ. వేరే మిషన్‌లోని ఫోల్డర్‌ని మన డ్రైవ్‌లా తగిలించుకుని ఉంటాం. దాన్ని మర్యాదగా విడదీయాలంటే నెట్‌వర్క్ ఉండాలి. ఆగేటప్పుడు నెట్‌వర్క్ ముందే పడుకుంటే, మనిషి ఇంకా అటక మీద ఉండగానే నిచ్చెన తీసేసినట్టు. అటువైపు నుంచి ఎప్పటికీ రాని జవాబు కోసం ఇటువాడు గడువు తీరేదాకా కూర్చుంటాడు. అందుకే లెక్క ప్రకారం మొదలుపెట్టిన వరసకి సరిగ్గా తిరగేసి ఆపాలి. సిస్టమ్‌డీ అదే చేస్తుంది కూడా, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో దానికి సరిగ్గా చెప్పి ఉంటే.

ఇక రిజిస్ట్రీలో ఆ గడువు అంకెల్నే దించేయమనే చిట్కా. 20000 ఉన్నచోట 1000 పెట్టు, కంప్యూటర్ రాకెట్‌లా ఆగుతుంది అంటారు. ఆగుతుంది, నిజమే. నాకు మాత్రం ఇది జ్వరం తగ్గించడానికి థర్మామీటర్ విరగ్గొట్టడంలా ఉంటుంది. పలకనివాడితో పాటు, నిజంగా మూట కట్టుకుంటున్న డేటాబేస్ సర్వీసు కూడా సెకనులో చస్తుంది. అది మర్నాడు లేచి, నిన్న రాత్రి ఎక్కడ ఆగానో అని తన చిట్టా తిరగేసి సరిచేసుకుంటుంది. రాత్రి మిగిలిన సెకన్లు పొద్దున్న కట్టాలి, అదీ వడ్డీతో.

*

మా అపార్ట్‌మెంట్‌లో ఒక టీచరు గారు లాప్‌టాప్ తెచ్చారు, ఆగడానికి చాలాసేపు పడుతోందని. "అప్పుడప్పుడూ ఒకసారి పూర్తిగా ఆపుతూ ఉండాలండీ" అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. "రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటాను బాబూ!" టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. సీపీయూ పేజీలో అప్ టైమ్ అన్నచోట 41 రోజులు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు, లాప్‌టాపే చెప్పింది. విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. మనం షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాముల్ని మూసి, మనల్ని సాగనంపి, సిస్టమ్ గర్భంలో ఉన్న కెర్నల్‌నీ డ్రైవర్లనీ మాత్రం ఆపకుండా ఉన్నదున్నట్టు డిస్కు మీద ఫైలుగా రాసేసుకుంటుంది. పొద్దున్న ఆ ఫైలు తీసి అక్కడి నుంచే కొనసాగిస్తుంది. మేలుకోవడం త్వరగా అవుతుంది, నిజం. కానీ నెల కిందట దారి తప్పిన డ్రైవర్ ఇవాళ కూడా దారి తప్పే లేస్తుంది. పైగా తిరిగే డిస్కు మీద ఆ ఫైలు రాయడానికీ సమయం కావాలి. రీస్టార్ట్ మాత్రం అన్నింటినీ నిజంగా ఆపి మొదలుపెడుతుంది. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా అంతే. ఆపు అంటే పూర్తిగా ఆగదు, మళ్లీ మొదలుపెట్టు అంటే పూర్తిగా ఆగుతుంది. ఈ పేర్లు పెట్టినవాళ్లని ఎవరైనా ఒకసారి మా టీచరు గారి ముందు కూర్చోబెట్టాలి.

ఆవిడ అడిగిన రెండో ప్రశ్న అందరూ అడిగేదే. అసలు ఆగకపోతే మీట నొక్కిపట్టి చంపేయొచ్చా? డిస్కు లైటు ఉన్న మిషన్ అయితే దాన్ని చూడండి. అది కొట్టుకుంటుంటే పని జరుగుతోంది, ఆగండి. అప్‌డేట్ నడుస్తుంటే ఎంత విసుగైనా ఆగండి. లైటు ఆరిపోయి పది నిమిషాలైనా తెర కదలకపోతే, నొక్కిపట్టండి. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ లాంటి ఫైల్ పద్ధతులు తాము చేయబోయే మార్పుల్ని ముందు చిట్టాలో రాసుకుని ఆ తర్వాతే చేస్తాయి కాబట్టి, మధ్యలో తెగినా తమ అల్మారా అరలు కూలకుండా నిలబెట్టుకుంటాయి. అరలో పెట్టిన కాగితం మీద మీరు రాస్తున్న వాక్యానికి మాత్రం హామీ ఇవ్వవు.

*

ఇప్పుడు మా నిమిషం సంగతి. ఎక్స్‌పీలో ప్రతి వాడకందారు సెట్టింగులూ రిజిస్ట్రీలో ఒక తేనెపట్టులా ఉంటాయి, దాన్ని హైవ్ అనే అంటారు. మనం వెళ్లిపోయేటప్పుడు ఆ పట్టుని మూసి డిస్కు మీదికి దించాలి. దాని మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు. ఏ ప్రోగ్రామ్ అయినా ఒక్క గదిని తెరిచి మూయకుండా ఉంచిందా, దించడం కుదరదు. కుదరకపోతే సిస్టమ్ సెకను ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు అమరిక ప్రకారం ఇలా సెకనుకోసారి చొప్పున 60 సార్లు. ఆ తర్వాత నీ ఖర్మ అని వదిలేసి ముందుకెళ్తుంది.

అరవై సార్లు తలుపు లాగి చూస్తున్న కాపలావాడు. మా గడియారం ముల్లు చుట్టిన చుట్టు అదే. దాచుకోవడానికి సెట్టింగులేం లేవని బాబాయ్ అననే అన్నాడు.

ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అప్లికేషన్ చిట్టా నిండా రోజుకొకటి చొప్పున యూజర్‌ఎన్వ్ పేరుతో 1517 అనే హెచ్చరికలు వరసగా ఉన్నాయి. రిజిస్ట్రీ ఇంకా ఎవరో వాడుతుండగానే మీరు వెళ్లిపోయారు అని. ఇంతకాలం అది రోజూ రాసి పెడుతూనే ఉంది, చదివినవాడు లేడు. ఇలా పట్టు మీద మిగిలిపోయిన చేతుల్ని విడిపించడానికి మైక్రోసాఫ్ట్ యూపీహెచ్‌క్లీన్ అనే చిన్న సర్వీసు ఒకటి ఉచితంగా ఇచ్చేది. అది పెట్టుకుంటే ఏ ప్రోగ్రామ్ చెయ్యి విడిపించిందో చిట్టాలో రాస్తుంది కూడా. రాసింది. ప్రింటర్ సీడీతో పాటు వచ్చి, కింద గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుని, సిరా ఎంత మిగిలిందో చూపించే ప్రోగ్రామ్. సిరా అయిపోతే కార్డు మీద గీతలొస్తాయి, మాకు ఎలాగూ తెలుస్తుంది. స్టార్టప్ జాబితాలో దాని టిక్ తీసేశాను.

ఆ రాత్రి బాబాయ్ యథాప్రకారం కంప్యూటర్ ఆపమని చెప్పి పెరట్లోకి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ నిమిషానికి ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పటం ముందు దీపం కొండెక్కిందో లేదో చూసుకుని వచ్చేసరికి తెర ఆరుతుండేది. ఈసారి ఆయన కుళాయి తిప్పుతుండగానే లోపల ఫ్యాను ఆగిపోయింది. పద్దెనిమిది సెకన్లు.

తడికాళ్లతోనే వచ్చి చూశాడు. నల్లటి తెరని చూశాడు, నన్ను చూశాడు.

"కరెంటు పోయిందా?"

"లేదు బాబాయ్, ఆగింది."

"అంతలోనే ఎలా ఆగుతుందిరా? ఏదో అయింది దానికి. రేపు రావు గారి కార్డులున్నాయి. మళ్లీ ఒకసారి పెట్టి చూడు."

పెట్టాను. అది లేచి, ఫాంట్లన్నీ సర్దుకుని, డెస్క్‌టాప్ చూపించేసరికి రెండున్నర నిమిషాలు పట్టింది. బాబాయ్ కొక్కెం కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.